తుంగావ బురద, మరిడమ్మ కడియాలు

బురద మీద పరిశోధన చేస్తానని చెప్పినప్పుడు మా ప్రిన్సిపాలుగారు నా భుజం తట్టి, "మంచిదేనండీ, మనసుకు ఏదో ఒక వ్యాపకం ఉండాలి" అన్నారు. మా ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు. నేనేం చేస్తానన్నా జనం అలాగే భుజం తట్టేవారు. అగ్నిపర్వతంలోకి దూకుతానన్నా ఆయన మంచి వ్యాపకమే అనేవారేమో.

అది అరవై మూడో సంవత్సరం వేసవి. నేను అనకాపల్లిలో కాలేజీ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి. ఊరినుంచి సముద్రం వైపు సైకిలు మీద గంట దూరం పోతే ఆవపాలెం అనే పల్లె, దాని పక్కన తుంగావ. నీరు నిలిచి, తుంగా తామరా దట్టంగా పెరిగే పల్లాన్ని మా వైపు ఆవ అంటారు. చిన్నదే. ఈ గట్టు మీద పిలిస్తే ఆ గట్టు మీదివాళ్లు తిట్టుతో సహా జవాబు చెప్పగలరు.

తామరాకు చచ్చి అడుగుకు దిగాక ఏమవుతుందన్నది నా ప్రశ్న. అడుగు బురదలో గాలి ఉండదు. కంటికి కనబడని జీవాలు అక్కడ కూడా బతకాలి కదా, గాలి బదులు నీళ్లలో ఉన్న గంధకపు లవణాలతో సరిపెట్టుకుంటాయి. ఆ జీవాలు ఆకును తింటూ వదిలే వాయువే కుళ్లిన కోడిగుడ్డు వాసన. అది మట్టిలోని ఇనుముతో కలిస్తే బురద కాటుకలా నల్లబడుతుంది. ఒక వెదురు బొంగును నిలువుగా చీల్చి, మళ్లీ మూసి కొబ్బరి తాడుతో బిగించి, నీళ్లలోకి దిగి అడుగున గుచ్చేవాణ్ణి. గట్టుకు తెచ్చి తాడు విప్పితే బురద మడత కాజాలా పొరలు పొరలుగా కనబడేది. పైన గోధుమరంగు పొర, కింద అంతా నలుపు. అది చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉండేది. చూపించడానికి ఇంట్లో ఎవరూ లేరు గానీ, సంతోషం సంతోషమే.

మొదటిరోజే గట్టు మీదికి ఒకావిడ వచ్చింది. పేరు మరిడమ్మ. చెరకు రైతు సత్తియ్య భార్య. గేదెను తోలుకొచ్చింది గానీ కళ్లు నా బొంగు మీదే ఉన్నాయి.

"ఏటి బాబూ ఎతుకుతున్నారు?"

"మట్టమ్మా."

"మట్టి గట్టు మీద లేదేటి? నీల్లలోకి దిగాలేటి?"

"అడుగున ఉన్నదే కావాలి. ఎంత లోతుకు పోతే అంత పాతది దొరుకుతుంది."

ఆవిడ మొహం వాడిపోయింది. "మా ఆవలో పాతయేటీ లేవు బాబూ. అంతా కొత్త బురదే" అంది. కాస్త ఆగి, "ఆ తామరల కాడికి మాత్రం ఎల్లకండి. జెలగలు" అంది.

నేను జలగలకు జడిసి ఇవతలికి జరిగాను. అక్కడ సత్తియ్య ప్రత్యక్షమై, "అది ఊబి బాబూ, మా మేనమావ దూడ అందులోనే పోయింది" అన్నాడు. మూడోచోట బుల్లమ్మ అనే ముసలావిడ, ఆ చోట అమ్మవారు స్నానం చేస్తుందని చెప్పింది. వారం తిరిగేసరికి ఆ చిన్న ఆవలో జలగ గానీ, ఊబి గానీ, పాము గానీ, దేవత గానీ లేని జానెడు చోటు మిగల్లేదు. పైగా నేను నీళ్లలోకి దిగబోయేసరికి ఎవరో ఒకరు మజ్జిగ చెంబుతో వచ్చి గట్టు మీద కూర్చోబెట్టేవారు. ఇంత మర్యాద గల ఊరు నేను ఎక్కడా చూడలేదు.

వాళ్లు నన్ను ఎవరనుకుంటున్నారో తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ జనవరిలో సర్కారు బంగారం మీద కట్టుబాటు తెచ్చింది. ఆవపాలేనికి చట్టం రాలేదు గానీ పుకారు వచ్చింది. ఇనస్పెక్టర్లు ఇళ్లలో పెట్టెలు తీయించి ముందు బంగారం, తర్వాత వెండి, అవి చాలకపోతే ఇత్తడి బిందెలు కూడా పట్టుకుపోతారట. దాంతో ప్రతి ఇల్లూ తన నగలను గుడ్డలో మూటగట్టి, గేదెను కడిగే నెపంతో ఆవలోకి దిగి, బురదలో కప్పెట్టి, గుర్తుకు ఒక పుల్ల గుచ్చింది. ఈ ఉపాయం తమకొక్కరికే తట్టిందని ప్రతి ఇల్లూ అనుకుంది. సరిగ్గా అప్పుడే నేను ప్యాంటు మడిచి, పొడుగాటి బొంగు పట్టుకుని ఆ పుల్లల మధ్య పొడవడం మొదలుపెట్టాను.

సాయంత్రాలు నేను సైదా సాహెబ్ కొట్లో కూర్చునేవాణ్ణి. గవరపాలెం వెళ్లే దారిలో చిన్న వెండి కొట్టు. కడియాలు, పట్టీలు తనే చేసి తనే అమ్మేవాడు. మా ఆవిడ వెండి అంతా అక్కడిదే. ఆవిడ పోయాక వీధిలో అందరూ నన్ను "ఎలా ఉన్నారండీ" అని జాలిగా అడిగేవారు. సాయిబు ఒక్కడే అడగలేదు. స్టూలు జరిపి, "మేష్టారూ, ఈ పట్టీ బాగుందా, ఆ పట్టీయా? నిజం చెప్పండి" అనేవాడు. నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఆయన ఎప్పుడూ రెండోదే ఖాయం చేసేవాడు. ఆ కాలంలో రోజు మొత్తంలో నన్ను మామూలు మనిషిలా చూసిన మాటలు అవే.

ఒక శుక్రవారం సంత వేళ, నేను అక్కడ ఉండగానే, మరిడమ్మా సత్తియ్యా వచ్చారు. నన్ను చూసి మరిడమ్మ ఒక్కక్షణం తడబడింది గానీ కోపం ఆగలేదు. పైటలోంచి రెండు కడియాలు తీసి గల్లాపెట్టె మీద ఠంగున పడేసింది. బొగ్గుల్లా ఉన్నాయి.

"ఇదేటి సాయిబూ? ఎండేనా? మా తమ్ముడి పెల్లికి ఎట్టుకుందారని తీత్తే ఇలాగున్నాయి!"

సాయిబు కడియం తిప్పి చూశాడు. "నా చేతి పనే. నికార్సయిన వెండి. ఎక్కడ పెట్టేవమ్మా వీటిని?"

"పెట్టిలో" అంది మరిడమ్మ.

"పెట్టిలోనే" అన్నాడు సత్తియ్య, అడగకుండానే.

"పెట్టెలో పెడితే కాస్త మసకబారుతుంది. ఇలా మసి అవదు. తోబా! ఇది పొయ్యిలో పడిందా?"

"మా పొయ్యిలో అన్నం వండుతాం, కడియాలు వండం! సత్తు కలిపేవు సాయిబూ, సత్తు! అంత గెడ్డం ఎట్టుకుని ఆడకూతుర్ని ఇలాగ మోసం సేత్తావా?"

ఆవిడ గొంతు సన్నది కాదు. సంతంతా మూగింది. సాయిబు కడియాన్ని ఆకురాయితో రుద్ది లోపలి తెలుపు చూపించాడు గానీ అప్పటికి ఎవరూ చూడటం లేదు, అందరూ వింటున్నారు. సాయంత్రానికి ఆయనకు 'సత్తు సాయిబు' అని పేరు పడింది. సత్తు అంటే మా వైపు అల్యూమినియం. మరుసటి వారం కొట్టుకు వచ్చినవాళ్లంతా పాత నగలు తెచ్చి, "ఇది ఎండేనా, కాదా?" అని అడిగినవాళ్లే. కొన్నవాళ్లు లేరు.

"నక్కపల్లి పోతాను మేష్టారూ" అన్నాడు సాయిబు. "మా బావమరిది మీరా సాహెబ్ అక్కడ గొడుగులు బాగుచేస్తాడు. రమ్మంటున్నాడు. గొడుగు నల్లగా ఉందని ఎవడూ తిట్టడు కదా."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "మా నాన్న పెట్టిన కొట్టు, ఆయన మీద కూడా ఎవరూ ఇంత మాట అనలేదు" అన్నాడు. పట్టీలు రెండూ బయటే ఉన్నాయి గానీ ఏది బాగుందని నన్ను అడగలేదు.

మరిడమ్మ కోపంలో వదిలేసిన కడియాలు గల్లాపెట్టె మీదే ఉన్నాయి. బోలు కడియాలు, మర దగ్గర చిన్న కంత. ఊరికే చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నెలరోజులుగా నా బట్టల్లో, గోళ్లలో, అన్నం ముద్దలో ఉన్న వాసనే.

"సాయిబూ, ఇవి ఆవ బురదలో ఉన్నాయి. ఆ బురదలోని గంధకం వెండిని పట్టుకుంది. ఎంత మంచి వెండి అయినా అంతే."

ఆయన స్టూలు మీంచి లేచి నన్ను కౌగలించుకున్నాడు. "అయితే ఆ మాట వాళ్లతో అనిపించండి మేష్టారూ! ఆ మరిడమ్మ నోటితోనే అనిపించండి!"

అదే కష్టమైంది. ఆవపాలెంలో ఏ ఇంటికి వెళ్లి అడిగినా, "బురదలోనా? మాకేటి పిచ్చా?" అన్నారు. చివరికి మునసబు త్రినాధరావుగారి అరుగు మీద అందరి ఎదుటా రుజువు చేస్తానన్నాను. ఆవ అడుగు బురద ఒక కుండలోకి తీసి, అందులో మా ఆవిడ వెండి కుంకుమభరిణె పెట్టాను. పెట్టేటప్పుడు చేయి కాస్త వెనక్కి లాగింది. ఆవిడ ఉంటే పెట్టనిచ్చేది కాదు. పెట్టాక, ఏమైందో చూడకుండా ఉండగలిగేదీ కాదు. కుండ మూతికి గుడ్డతో వాసెన కట్టి మునసబుగారికి అప్పగించాను.

రెండు రోజులయ్యాక ఊరంతా చూస్తుండగా తీశాను. భరిణె నల్లగా నిగనిగలాడుతోంది. నేను విజయంతో చుట్టూ చూశాను.

బుల్లమ్మ బుగ్గన చేయి పెట్టుకుంది. "ఇదెక్కడ కొన్నారు బాబూ?"

"సైదా సాహెబ్ దగ్గరే" అన్నాను, ముందూ వెనకా ఆలోచించకుండా.

"ఓలమ్మా! సదువుకున్నోల్లని కూడా ఒగ్గలేదర్రా!"

ఊరంతా నా మీద జాలిపడింది. ఆ పూట మజ్జిగతోపాటు ఊరగాయన్నం కూడా పెట్టారు. నా రుజువుతో సాయిబు పరువు ఇంకో మెట్టు దిగింది.

మళ్లీ వెళ్లాను. ఈసారి సాయిబు దగ్గర కొనని వెండి కావాలన్నాను. తమ దగ్గర వెండి అనే పదార్థమే లేదని ఊరు ఊరంతా చెప్పింది. చివరికి మునసబుగారి మనవడి మెడలో తాయెత్తుతో కట్టిన విక్టోరియా రాణి రూపాయి దొరికింది. వాడు ఏడుస్తుంటే బెల్లం ముక్క పెట్టి తీసుకున్నాం. మర్నాడు కుండలోంచి తీస్తే రాణీగారు కిరీటంతో సహా నల్లబడి ఉన్నారు.

"ఈవిడ కూడా సాయిబు దగ్గరే కొనుక్కున్నారా?" అన్నాను.

సత్తియ్య రూపాయిని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే ఇది బురద పనే" అన్నాడు.

"అవును కదా!"

"బురద పనే బాబూ, ఒప్పుకున్నాం. కానీ మా ఎండి బురదలో లేదు గదా. పెట్టిలో ఉంది."

"పెట్టిలోనే" అన్నారు అందరూ.

మునసబుగారు నన్ను దొడ్డివైపు తీసుకెళ్లి గొంతు తగ్గించారు. "మేష్టారూ, మీరు నిజంగా మేష్టారేనా?"

"ఎన్నో ఏళ్లుగా."

"గోల్డు కంట్రోలు కాదు గదా?"

జలగలూ, ఊబీ, అమ్మవారి స్నానమూ, అంత మజ్జిగా ఎందుకో అప్పుడు అర్థమైంది. నేను కాదని ఒట్టు పెట్టాను. ఆయన నిట్టూర్చారు. "ఒట్టు ఇనస్పెక్టర్లు కూడా పెడతారండీ" అన్నారు. తర్వాత ఎటో చూస్తూ, "వెండి కంచం బురదలో ఉందనుకోండి, ఉందని కాదు, ఉంటే గనక, అది మళ్లీ తెల్లబడుతుందా?" అని అడిగారు.

ఆ ప్రశ్నే నాకు దారి చూపించింది. వచ్చే ఆదివారం మీ అరుగు మీద నల్లబడిన వెండి ఏదైనా తెల్లగా చేసి ఇస్తాం, ఎవరిదని అడగం అన్నాను.

సాయిబును ఒప్పించడం తేలిక కాలేదు. "వెండి తెల్లగా చేయడం నాకు రాదా మేష్టారూ? అది తెల్లబడ్డంత మాత్రాన నా మీద పడ్డ మాట పోతుందా?"

"ఒక్కరి కడియాలు నల్లబడితే నీ తప్పంటారు. ఊరందరి వెండీ నల్లబడి ఉంటే? వాళ్ల అమ్మమ్మల నాటి వెండి, వేరే కొట్లలో కొన్న వెండి కూడా?"

ఆయన గడ్డం నిమురుకుని, లేచి చొక్కా తొడుక్కున్నాడు.

ఆదివారం మునసబుగారి అరుగు ముందు పొయ్యి పెట్టాం. ఒక పెద్ద సత్తు పళ్లెం, నిండా మరిగే నీళ్లు, చాకలిసోడా. పళ్లేనికి తగిలేలా వెండిని ముంచితే, వెండిని పట్టుకున్న గంధకాన్ని సత్తు విడిపిస్తుంది. ముందు మా భరిణె వేశాను. పూర్తిగా తెల్లబడకముందే తీసేశాను. చెక్కిన తీగెల సందుల్లో సన్నగా నలుపు మిగిలి, ఇన్నేళ్లూ నేను సరిగా చూడని ఆకులూ పిందెలూ ఒక్కొక్కటీ విడివిడిగా కనబడ్డాయి. అది మా ఆవిడ రోజూ చూసిందేమో.

తర్వాత జనం కదిలారు. బుల్లమ్మ ఒక మొలనూలు తెచ్చి, "మాది కాదు బాబూ, మా తోడికోడలిది" అంది. వెనకే తోడికోడలు పట్టీలతో వచ్చి, "ఇయి బుల్లమ్మక్కయి" అంది. మునసబుగారి వెండి కంచం ఆయన చుట్టాలదైంది. మధ్యాహ్నానికి ఆవపాలెంలో ఎవరి వెండీ వాళ్ల దగ్గర లేదు. పళ్లెంలోంచి కుళ్లిన గుడ్డు కంపు లేచింది. "ఓలమ్మా, ఆవ కంపు!" అందెవరో. అన్నాక నాలిక కరుచుకుంది.

సాయిబు వంచిన తల ఎత్తకుండా ఒక్కొక్క వస్తువూ తిప్పి, ముంచి, తీసి, తుడిచి ఇస్తున్నాడు. ఎవర్నీ ఏమీ అనలేదు. తనకు రావలసిన ఒక్క మాట కోసం చూస్తున్నాడని నాకు తెలుసు. అందరూ వచ్చారు గానీ మరిడమ్మ రాలేదు. ఆవిడ కడియాలు సాయిబు సంచీలోనే ఉన్నాయి.

ఆఖరికి ఆవిడే వచ్చి నడుం మీద చేయి వేసుకుని నిలబడింది. "నాయీ ఎయ్యి సాయిబూ. మాయి మటుకు పెట్టిలోనే ఉన్నాయి. అందరియీ ఎక్కడున్నాయో నాకు తెలీదు. నాయి పెట్టిలో."

"అలాగేనమ్మా" అన్నాడు సాయిబు. కడియాలు ముంచాడు. నిమిషాల్లో నలుపు కరిగి తెల్లగా మెరిశాయి. నీళ్లు వంపడానికి ఒక కడియాన్ని తలకిందులు చేసి తట్టాడు. కంతలోంచి నల్లటి బురద చుక్క జారింది. దాని వెనక, కందిగింజంత నత్తగుల్ల పళ్లెంలో టిక్కున పడింది.

పక్కనే ఉన్నాను కాబట్టి నేను చూశాను. మరిడమ్మ చూసింది. వెనకున్న జనం ఇంకా చూడలేదు. సాయిబు ఆ గుల్లను పైకెత్తి అందరికీ చూపిస్తే చాలు. పదిమందిలో పడ్డ మాట పదిమందిలోనే పోతుంది.

ఆయన దాన్ని రెండు వేళ్లతో తీసి, గుప్పిట మూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. కడియాలు తుడిచి మరిడమ్మ చేతికిచ్చాడు. "పెట్టెలో చెమ్మ ఉండి ఉంటుందమ్మా" అన్నాడు.

మరిడమ్మ కడియాలు పుచ్చుకుంది గానీ కదల్లేదు. ఆవిడ మొహం ముందు ఎర్రబడింది, తర్వాత ముడుచుకుంది, తర్వాత ఒక్కసారిగా గొంతు లేచింది.

"తీ! జేబులోది బయటికి తీ సాయిబూ! దాసేత్తావేటి? నా పెట్టిలో నత్తలు కాపరం సేత్తన్నాయేటి? ఆవలోనే ఎట్టేను! తామరల కాడ, కంపపుల్ల గుచ్చి, నా సేతుల్తో నానే ఎట్టేను! నీ ఎండి మంచిదే! నానే ఎదవ మాటన్నాను!"

"ఓసే, ఊరుకోవే! బాబుగారున్నారు!" అని సత్తియ్య నా వైపు చూపించి గింజుకున్నాడు.

"ఉంటే ఉన్నారు! పట్టుకెల్తే పట్టుకెల్తారు! ఆ మనిసి నా పరువు జేబులో ఏసుకుంటే నాను సూత్తా ఊరుకోవాలా?"

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. తర్వాత ఎవరో, "కంపపుల్ల నీదేనేటే? నాదనుకుని నెలరోజులుగా దానికే కాపలా కాత్తన్నాను" అన్నారు. ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ ఆపలేకపోయారు. బుల్లమ్మ మొలనూలు బుల్లమ్మదే అయింది. మునసబుగారు ఆకాశం వైపు చూస్తూ, "నాకేమీ వినబడలేదు, నేనిక్కడ లేను" అన్నారు.

"మరి మీరు ఇనస్పెట్రు కాదేటి బాబూ?" అంది మరిడమ్మ.

"కాదమ్మా."

"మరి ఆ బురదేటికి?"

తామరాకు చచ్చి అడుగుకు దిగాక ఏమవుతుందో తెలుసుకోవడానికి అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "అడిగితే నాను సెప్పనా? బురదవుద్ది" అంది. తర్వాత సాయిబు వైపు తిరిగింది. "లెగు. సంతలో తిట్టేను, సంతలోనే సెప్పాలి. బండి కట్టు" అని మొగుడికి హుకుం జారీ చేసింది.

సాయిబు వద్దన్నాడు. "చాలమ్మా, ఇక్కడ చెప్పేవు కదా, చాలు" అన్నాడు. ఆవిడ అప్పటికే బండెక్కింది, సాయిబూ నేనూ కూడా ఎక్కక తప్పలేదు. ఆదివారం సంత లేదన్నా వినలేదు. అనకాపల్లిలో కొట్టు ముందు దిగి, రెండు కాళ్లకూ కడియాలు తొడుక్కుని, మెట్టు మీద నిలబడి వీధికి వినబడేలా మొదలుపెట్టింది. సాయిబు వెండి ఎలాంటిదో చెప్పింది. తను ఎంత మాట అందో చెప్పింది. జనం మూగేసరికి ఊపు వచ్చి, ఆవలో తన మూట ఎక్కడ పెట్టిందో, బుల్లమ్మ మూట ఎక్కడుందో, మునసబుగారి కంచం ఏ గట్టు పక్కన ఎంత లోతున ఉండేదో, ఇంకా ఏవేవి తీయలేదో అన్నీ చెప్పసాగింది.

"అమ్మా! అమ్మా!" అన్నాడు సాయిబు చేతులు జోడించి. "నా పేరు వచ్చేసింది. ఇంక ఊరి సొత్తు పోతుంది, ఆపు తల్లీ!"

"నువ్వుండు సాయిబూ, మజ్జిలో అడ్డం రాకు!"

సత్తియ్య బండి తిప్పుకుని ఆవపాలేనికి పరుగున తోలాడు, మిగిలినవి చీకటి పడకముందే తీయమని చెప్పడానికి. ఊరంతా ఒక్కసారి ఆవలోకి దిగితే నా పొరలన్నీ కలిసిపోతాయని నాకప్పుడు తట్టింది. వెనకాలే వెళ్లబోయాను. సాయిబు నా చేయి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాడు. మరిడమ్మ కోసం గోలీసోడాకు మనిషిని పంపి, అద్దాల బీరువాలోంచి రెండు పట్టీలు తీసి నా ముందు పెట్టాడు.

"చెప్పండి మేష్టారూ. ఏది బాగుంది?"